లివర్‌కి కొవ్వు ఎక్కడి నుంచి వస్తోంది?

కిడ్నీలో రాయి ఉందేమోనని ఒకరు, ఆఫీసు వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో భాగంగా ఇంకొకరు పొట్ట స్కాన్ తీయించుకుంటారు. వెతికిన జబ్బు కనపడదు గానీ రిపోర్టు అడుగున ఒక మాట ఉంటుంది: గ్రేడ్-1 ఫ్యాటీ లివర్. "ఈ రోజుల్లో అందరికీ ఉండేదే, నూనె తగ్గించండి" అని చెప్పి పంపేస్తారు. ఆ రోజు నుంచి ఇంట్లో వేపుళ్లు బంద్. చప్పిడి కూరలు మొదలు. అన్నం మాత్రం ఎప్పటంతే, పొద్దున ఇడ్లీలు ఎప్పటన్నే, టీలో చక్కెర ఎప్పటంతే. ఆరు నెలలకు మళ్లీ స్కాన్ తీస్తే మళ్లీ అదే మాట.

నూనె తగ్గించడంలో తప్పేమీ లేదు. కానీ లివర్‌లో చేరిన కొవ్వు ఏ దారిన వచ్చిందో లెక్క తీసినవాళ్లున్నారు. 2005లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్యాటీ లివర్ ఉన్న కొద్దిమందికి గుర్తు వేసిన అణువులను కొన్ని రోజులపాటు ఇచ్చి, తర్వాత వాళ్ల లివర్ ముక్కను పరీక్షించారు. అక్కడి కొవ్వులో దాదాపు 60 శాతం ఒంట్లో అప్పటికే ఉన్న కొవ్వు నిల్వల నుంచి కరిగి రక్తంలోకి వచ్చినది. మరో 26 శాతం లివర్ తనంతట తాను తయారు చేసుకున్నది. తిన్న నూనె, నెయ్యి నుంచి వచ్చింది 15 శాతమే. అధ్యయనం చిన్నదే అయినా ఇప్పటికీ ఈ రంగంలో వాళ్లు దీన్ని ప్రస్తావిస్తూనే ఉంటారు.

లివర్ తయారు చేసుకున్న ఆ 26 శాతం దగ్గర కాస్త ఆగాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఈ వాటా చాలా తక్కువ. అవసరానికి మించి పిండి పదార్థం, చక్కెర వచ్చి పడినప్పుడే లివర్ వాటిని కొవ్వుగా మారుస్తుంది. మనం వాడే పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్‌ను కండరాలూ మెదడూ అన్నీ వాడుకుంటాయి. ఫ్రక్టోజ్ అలా కాదు. కొద్ది మోతాదైతే చిన్న పేగే సర్దుకుంటుంది. ఎక్కువైతే ఆ భారమంతా ప్రధానంగా లివర్ మీదే పడుతుంది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అది గ్లాసు ఖాళీ అయినంత సేపట్లో లోపలికి పోతుంది. పండులోనూ ఫ్రక్టోజ్ ఉంది కదా అని అడుగుతారు. ఉంది, కానీ జామకాయను నమిలి తింటే పీచుతో కలిసి నిదానంగా వెళుతుంది. ఒక జామకాయ తిన్నాక రెండోది తినాలనిపించదు కూడా.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద 2025లో వచ్చిన అధ్యయనం చాలామందిని ఉలిక్కిపడేలా చేసింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు పరీక్షించిన 345 మందిలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు కనపడింది. గంటల తరబడి కూర్చునే పని, రాత్రి షిఫ్టులు, సరిగా లేని నిద్ర కారణమన్నారు. నిజమే. అలాగని ఇది కుర్చీ ఉద్యోగాల జబ్బు, లావుపాటి వాళ్ల జబ్బు అనుకోనక్కర్లేదు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో 2010 ప్రాంతంలో చేసిన అధ్యయనంలో ఫ్యాటీ లివర్ బయటపడ్డవాళ్లలో ఎక్కువమంది లావుగా లేనివాళ్లే. మన వాళ్లకు చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట లోపల కొవ్వు చేరే ధోరణి ఉంది. తూకం చూసుకుని ధైర్యంగా ఉండడానికి లేదు.

ఇంతవరకు చెప్పింది తిండి, లివర్ సంగతి. ఈ రెంటికీ మధ్య ఇంకొకరున్నారు. మన వైద్యశాస్త్రం చాలాకాలం వాళ్లను పట్టించుకోలేదు. వాళ్లే పేగుల్లో ఉండే బాక్టీరియా.

శరీరంలో ప్రతి అవయవానికీ గుండె నుంచి రక్తం వెళుతుంది. లివర్‌కీ వెళుతుంది, కానీ అది మొత్తంలో నాలుగో వంతే. మిగతా మూడొంతులూ పేగుల నుంచి, ప్లీహం నుంచి, క్లోమం నుంచి ఒకే పెద్ద సిర ద్వారా వస్తుంది. దాన్ని డాక్టర్లు పోర్టల్ వెయిన్ అంటారు, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ద్వారసిర అని ఉంటుంది. మీరు మధ్యాహ్నం తిన్న అన్నం, పప్పు పేగుల్లో అరిగి రక్తంలో కలిశాక, గుండెకన్నా మెదడుకన్నా ముందు చేరేది లివర్‌కే. దానితోపాటు బాక్టీరియా తయారు చేసినవి, బాక్టీరియా చచ్చిపోయాక మిగిలిన ముక్కలు కూడా వస్తాయి. మన ఒంట్లో బాక్టీరియా సంఖ్య 2016లో వేసిన అంచనా ప్రకారం దాదాపు 38 లక్షల కోట్లు. ఇంచుమించు అన్నీ పెద్ద పేగులోనే.

వాటిని రక్తంలోకి రాకుండా ఆపుతున్నది పేగు లోపలి పొర. అది ఒక్క కణం మందమే ఉంటుంది. దాని మీద జిగురు పూత ఒకటి. ఆ రెండూ గట్టిగా ఉన్నంతవరకు ద్వారసిరలో కాస్తో కూస్తో బాక్టీరియా ముక్కలు వచ్చినా, లివర్‌లో కాపలా ఉండే కుప్ఫర్ కణాలు వాటిని మింగేసి ఊరుకుంటాయి. శరీరంలో ఒకచోట స్థిరపడి ఉండే ఇలాంటి భక్షక కణాల్లో అత్యధికం లివర్‌లోనే ఉన్నాయంటే అక్కడికి రోజూ ఎంత చెత్త వస్తుందో ఊహించుకోవచ్చు. పేగు పొర సడలితే కథ మారుతుంది. కొన్ని రకాల బాక్టీరియా పైతొడుగులో ఉండే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఎక్కువెక్కువగా లివర్‌కి చేరుతుంది. కుప్ఫర్ కణాలు ఊరుకోవు, వాపు పుట్టించే రసాయనాలను వదులుతాయి. అప్పటికే కొవ్వుతో నిండి ఉన్న లివర్ కణాలకు ఈ వాపు తోడైతే అవి దెబ్బతింటాయి, చుట్టూ మచ్చ కణజాలం పెరుగుతుంది. కొవ్వు ఒక్కటే ఉన్న లివర్‌కీ, గట్టిపడుతున్న లివర్‌కీ మధ్య తేడా ఇక్కడే మొదలవుతుంది.

ఈ సంగతికి పాత ఆధారం ఒకటుంది. 1960లు, 70లలో అమెరికాలో బాగా లావైన వాళ్లకు చిన్న పేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించే ఆపరేషన్ చేసేవాళ్లు. తిన్నది ఒంటబట్టకుండా పోతుంది కాబట్టి బరువు తగ్గేది. కానీ తగ్గుతున్న కొద్దీ కొందరికి లివర్ పాడైపోయింది, కొందరు చనిపోయారు. పోషకాలు అందకనే అనుకున్నారు మొదట. అయితే పక్కకు తప్పించిన పేగు ముక్కలో ఆహారం పారకపోవడం వల్ల బాక్టీరియా విపరీతంగా పెరుగుతోందని గమనించిన వైద్యులు, మెట్రోనిడజోల్ ఇచ్చి చూశారు. విరేచనాలకు మనం వాడే మందే అది. లివర్‌లో కొవ్వు చేరడం ఆగింది, చేరినది కూడా తగ్గింది. 1982లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఆపరేషన్‌ను తర్వాత మానేశారు. లివర్ జబ్బుకు పేగుల్లో కారణం వెతకాలన్న ఆలోచన మాత్రం మళ్లీ పుంజుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

2004లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ గోర్డన్ బృందం పుట్టినప్పటి నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన ఎలుకలకు మామూలు ఎలుకల పేగు బాక్టీరియా ఎక్కించింది. రెండు వారాల్లో వాటి ఒంట్లో కొవ్వు 60 శాతం పెరిగింది, లివర్‌లోనూ పెరిగింది. అవి తిన్నది మాత్రం అంతకుముందుకన్నా తక్కువే.

ఎలుకల మాట అలా ఉంచి, మనుషుల్లో నాకు మరిచిపోలేనిదిగా అనిపించేది చైనాలో 2019లో వెలుగులోకి వచ్చిన ఒక రోగి సంగతి. అతనికి లివర్ తీవ్రంగా దెబ్బతింది. మద్యం ముట్టకపోయినా, పిండి పదార్థం ఎక్కువున్న భోజనం చేస్తే మత్తెక్కేది. రక్తం పరీక్షిస్తే అందులో ఆల్కహాల్ ఉంది. తాగి వచ్చి అబద్ధమాడుతున్నాడని ఇంట్లో వాళ్లు అనుకోవడానికి అన్ని ఆస్కారాలూ ఉన్న పరిస్థితి. బీజింగ్ పరిశోధకులు అతని మలాన్ని పరీక్షిస్తే, క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియాలో ఒక రకం పెద్ద ఎత్తున పెరిగి ఉంది. తిన్న పిండినీ చక్కెరనూ అది పేగుల్లోనే ఆల్కహాల్‌గా పులియబెడుతోంది. ఆ తర్వాత మద్యం అలవాటు లేని 43 మంది ఫ్యాటీ లివర్ రోగులను చూస్తే, దాదాపు 60 శాతం మందిలో ఆల్కహాల్ ఎక్కువగా చేసే ఈ రకాలు కనపడ్డాయి. వాళ్లకు మత్తు తెలియదు, ఎందుకంటే తయారైన ఆల్కహాల్ ద్వారసిర గుండా లివర్‌కి చేరి అక్కడే విరిగిపోతుంది. ఇది అన్ని దేశాల్లోనూ అంతే అని చెప్పలేం. కానీ "చుక్క ముట్టనివాడికి తాగుబోతు లివర్ ఎలా వచ్చింది?" అని నలుగురూ నాలుగు మాటలనే మన ఊళ్లలో ఈ సంగతి తెలిసి ఉండాలి. లివర్ జబ్బు వచ్చిన మనిషిని ముందు తాగుడు గురించి అనుమానించడం మన దగ్గర చాలా మామూలు. ఆ అవమానానికి భయపడి రిపోర్టు దాచేసే ఆడవాళ్లు కూడా ఉన్నారు.

పేగుకీ లివర్‌కీ మధ్య ఇంకో దారి పిత్తం, దాని సంగతి క్లుప్తంగా. లివర్ కొలెస్టరాల్ నుంచి పిత్త ఆమ్లాలు చేసి పేగులోకి పంపుతుంది. కొవ్వు అరగడానికి అవి కావాలి. పని అయ్యాక దాదాపు 95 శాతం మళ్లీ లివర్‌కి తిరిగొస్తాయి. తిరిగొచ్చేలోపు బాక్టీరియా కొన్నిటి రూపు మారుస్తాయి. మారిన రూపాన్ని బట్టి కొవ్వు తయారీ పెంచాలా తగ్గించాలా అన్న సంకేతం లివర్‌కి అందుతుంది. కొత్త మందుల తయారీదారులు కొందరు ఈ సంకేతాల మీద కూడా పని చేస్తున్నారు.

ఆ మందుల మాట ఎలా ఉన్నా మన చేతిలో ఉన్నది కంచం.

పెద్ద పేగులోని బాక్టీరియాకు మనం తిన్న అన్నం ఏమీ మిగలదు, పైనే అరిగిపోతుంది. వాటికి అందేది మనకు అరగనిది, అంటే పీచు. దాన్ని పులియబెట్టి అవి బ్యుటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలు చేస్తాయి. పెద్ద పేగు గోడ కణాలకు ప్రధాన ఆహారం ఈ బ్యుటిరేటే. పీచు అందకపోతే ఏమవుతుందో 2016లో ఎలుకల మీద చేసిన ప్రయోగం చూపించింది: ఆకలిగొన్న బాక్టీరియా పేగు మీది జిగురు పూతను తినడం మొదలెట్టాయి. పూత పలచబడి హానికర సూక్ష్మజీవులు లోపలి పొర దాకా వచ్చేశాయి.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలో మనకు కావలసిన లెక్కలున్నాయి. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములకు లోపే. జొన్నల్లో 10, రాగుల్లో 11, పొట్టు తీయని పెసల్లో 17. రెండు వేల కేలరీలు తినే మనిషికి రోజుకు 30 గ్రాముల పీచు కావాలి. ఇప్పుడు ఒక మామూలు రోజు చూడండి. పొద్దున ఇడ్లీ, చట్నీ. మధ్యాహ్నం గిన్నెడు అన్నం, గరిటెడు పప్పు, రెండు చెంచాల కూర, చారు, పెరుగు. సాయంత్రం బిస్కట్లు, టీ. రాత్రి మళ్లీ అన్నం. ఇందులో నూనె ఎక్కువేం లేదు, మాంసం లేదు. చూడ్డానికి నిక్షేపమైన శాకాహారం. పీచు మాత్రం 30 గ్రాముల దరిదాపుల్లోకి కూడా రాదు. అదే సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదంటాయి. మన కంచంలో అది చాలా ఇళ్లలో అరవై, డెబ్బై దాటుతుంది.

కాబట్టి మారాల్సింది అన్నానికీ కూరకూ ఉన్న పాళ్లు. గరిటెడు కూర కలిపి గిన్నెడన్నం తినే పద్ధతి తిరగబడాలి. గోరుచిక్కుడు, బెండకాయ, తోటకూర, గోంగూర, మునగాకు వీటిలో ఏదైనా గిన్నె నిండా వేసుకుని, అన్నం దానికి తోడుగా తినాలి. ముద్దపప్పుకు బదులు వారంలో కొన్ని రోజులు పొట్టు పెసలు, ఉలవలు, బొబ్బర్లు, సెనగలు. ఉలవచారు మంచిదే గానీ ఉలవలు పారేసి నీళ్లు మాత్రం కాస్తే పీచు గింజల్లోనే ఉండిపోతుంది. ఆ గింజలను తాలింపు వేసుకోవచ్చు. రాగి సంకటి, జొన్న రొట్టె మేలు, అయితే అవీ పిండి పదార్థమే. సంకటి ముద్దలు మూడు తిని మంచి పని చేశాననుకుంటే లివర్ ఒప్పుకోదు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం వస్తుంది. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

చద్దన్నం గురించి ఈమధ్య సోషల్ మీడియాలో చాలా చెబుతున్నారు. వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండి మనకు అరగని రూపంలోకి మారుతుంది, అది బాక్టీరియాకు ఆహారం అవుతుంది. ఈ మాట నిజం. షాంఘైలో 2023లో వచ్చిన అధ్యయనంలో 200 మంది ఫ్యాటీ లివర్ రోగుల్లో కొందరికి నాలుగు నెలలపాటు మొక్కజొన్న నుంచి తీసిన అలాంటి అరగని పిండి రోజుకు 40 గ్రాములు ఇచ్చారు. మామూలు పిండి తీసుకున్నవాళ్లతో పోలిస్తే లివర్‌లో కొవ్వు స్పష్టంగా తగ్గింది. బరువు తగ్గడం వల్ల వచ్చిన ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా తేడా నిలిచింది. కానీ ఒక గిన్నెడు చద్దన్నంలో ఉండేది కొద్ది గ్రాములే. మజ్జిగ పోసుకుని ఉల్లిపాయ నంజుకుని తింటే హాయి, తప్పకుండా తినండి. ఫ్యాటీ లివర్‌కి మందు అని తినకండి. వేసవిలో రాత్రంతా బయట వదిలేసిన అన్నం జాగ్రత్త, కడుపు చెడగొట్టే సూక్ష్మజీవులు కూడా అందులో పెరుగుతాయి.

ప్రోబయోటిక్ గోళీలు, లివర్ టానిక్‌ల మీద నా అభిప్రాయం దాచను. పేగు బాక్టీరియా వందల రకాలు. నాలుగు రకాలున్న క్యాప్సూల్ వేసుకున్నంత మాత్రాన ఫ్యాటీ లివర్ నయమవుతుందని వైద్య సంఘాలేవీ సిఫారసు చేయడం లేదు. ఆ డబ్బుతో కూరగాయలు కొనుక్కోవడం మేలు. ఇక పసరు మందులు, ఊరూ పేరూ లేని చూర్ణాలు అయితే కొన్నిసార్లు లివర్‌ని నేరుగా దెబ్బతీస్తాయి. గట్టి ఆధారం ఉన్నది బరువు తగ్గడానికే: బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి అది ఆరు నుంచి ఎనిమిది కిలోలు.

గ్రేడ్-1, గ్రేడ్-2 అన్నవి కొవ్వు ఎంత ఉందో చెబుతాయి, లివర్ ఎంత గట్టిపడిందో చెప్పవు. అది తెలుసుకోవడానికి ఖరీదైన పరీక్షతో మొదలుపెట్టక్కర్లేదు. వయసు, లివర్ ఎంజైములైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య ఈ నాలుగింటితో ఫిబ్-4 అనే లెక్క వేస్తారు. అది 1.3 కంటే తక్కువుంటే మచ్చలు ముదిరి ఉండే అవకాశం చాలా తక్కువ. ఎక్కువుంటే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. 65 దాటినవాళ్లకు ఈ హద్దు కొంచెం ఎక్కువ పెట్టుకుంటారు. ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి ఈ లెక్క వేయించుకోవాలి.

లివర్ పూర్తిగా గట్టిపడి సిరోసిస్ అయిన తర్వాత, పేగుకీ లివర్‌కీ ఉన్న ఈ సంబంధం ఇంట్లో వాళ్ల కళ్లముందే కనపడుతుంది. పేగు బాక్టీరియా మాంసకృత్తులను విరగ్గొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. ఆరోగ్యమైన లివర్ దాన్ని యూరియాగా మార్చి పంపేస్తుంది. సిరోసిస్‌లో అది లివర్‌ని దాటుకుని మెదడు దాకా పోతుంది. మొదట రాత్రి నిద్ర పట్టదు, పగలు మగతగా ఉంటారు. సంతకం గీత తప్పుతుంది. చేతులు ముందుకు చాచమంటే మణికట్టు దగ్గర తటతటా కొట్టుకుంటాయి. తర్వాత మాట తడబడుతుంది, మనుషుల్ని పోల్చుకోలేరు. ఇక్కడ డాక్టర్లు వాడే ప్రధాన మందు లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్. అది పేగులో ఆమ్లత్వం పెంచి అమ్మోనియాను రక్తంలోకి పోనీయకుండా పట్టి ఉంచుతుంది, విరేచనంతో బయటికి పంపుతుంది. చాలా ఇళ్లలో దీన్ని మలబద్ధకం మందనుకుని, విరేచనం సాఫీగా అయిన రోజున ఆపేస్తారు. ఆపకూడదు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సర్దుకుంటూ వాడాలి. అంతకన్నా ఎక్కువైతే ఒంట్లో నీరు పోయి పరిస్థితి మళ్లీ విషమిస్తుంది కాబట్టి డాక్టర్‌కి చెప్పాలి.

ఢిల్లీలోని ఐఎల్‌బీఎస్ అనే లివర్ వైద్య సంస్థలోని వైద్యులు ఇంకో అడుగు ముందుకు వేశారు. మద్యం వల్ల లివర్ తీవ్రంగా వాచి, స్టెరాయిడ్లు ఇచ్చే వీలు లేని ఎనిమిది మందికి ఆరోగ్యవంతుల మలంలోని బాక్టీరియాను గొట్టం ద్వారా పేగుల్లోకి ఎక్కించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తర్వాత వాళ్లలో ఏడుగురు బతికి ఉన్నారు. అంతకుముందు మామూలు చికిత్సే అందిన అలాంటి రోగుల్లో మూడో వంతే బతికారు. ఇది ఆశ కలిగించేదే కానీ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అమెరికాలో 2019లో సరిగా పరీక్షించని దాత మలం వల్ల ఇద్దరికి మందులకు లొంగని బాక్టీరియా సోకి, ఒకరు మరణించారు.

సిరోసిస్ రోగి ఉన్న ఇంట్లో వెంటనే మార్చుకోవాల్సింది ఒకటుంది. "లివర్ పోయింది, పప్పు పెట్టొద్దు, గుడ్డు పెట్టొద్దు" అని పత్యం పేరుతో గంజి, ఇడ్లీలతో నెట్టుకొస్తుంటారు. అమ్మోనియా మాంసకృత్తుల నుంచి పుడుతుందన్న భయంతో ఒకప్పుడు డాక్టర్లూ అలాగే చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ సలహా పూర్తిగా మారిపోయింది. అమ్మోనియాను వదిలించడంలో కండరాలకూ పాత్ర ఉంది, పత్యంతో కండ కరిగిపోతే ఆ అండ కూడా పోతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. పప్పు, పెరుగు, పాలు బాగా పడతాయి, గుడ్డు కూడా పెట్టవచ్చు. తగ్గించాల్సింది ఉప్పు, అదీ పొట్టలో నీరు చేరినప్పుడు. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు పక్కన పెట్టాలి. రాత్రి భోజనానికీ పొద్దుటి టిఫిన్‌కీ మధ్య పది, పన్నెండు గంటలు కడుపు ఖాళీగా ఉంచకూడదు. గట్టిపడిన లివర్‌లో పిండి పదార్థం నిల్వ ఉండదు, ఆ గంటల్లో శరీరం కండను కరిగించుకుంటుంది. అందుకని పడుకోబోయే ముందు గ్లాసుడు పాలతో రెండు రొట్టెలో, పెరుగన్నమో పెట్టాలి. షుగర్ కూడా ఉంటే ఎంత పెట్టాలో డాక్టర్‌ని అడిగి పెట్టండి, మానేయడం మాత్రం వద్దు.